ఎన్నికల వేళ మన ఫోన్ చెప్పే సాక్ష్యం

 

ఈ సంగతి రాయడానికి చాలా రోజులు వెనకాడాను. ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే కాబట్టి. సంఘం ముందు చేసిన తప్పును సంఘం ముందే ఒప్పుకోవాలి గనుక ఒక ఆదివారం మందిరంలో నిలబడి ఒప్పుకున్నాను. ఆ రోజు రానివాళ్ల కోసం, దూరంగా ఉన్నవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మన రాష్ట్రంలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మన ఏజెన్సీలో సర్పంచ్ పదవి గిరిజనులకే కాబట్టి, చిన్న ఊళ్లో నిలబడేవాళ్లంతా ఒకరికొకరు ఏదో ఒక వరస అవుతారు. మన ఊళ్లోనూ అంతే. పోలింగ్‌కు రెండు రోజుల ముందు, రాత్రి తొమ్మిది దాటాక నా ఫోన్‌కు ఒక ఆడియో వచ్చింది. నిలబడిన వాళ్లలో ఒకాయన గొంతు. "ఆ రేకుల షెడ్డు అక్కడ ఉండటానికి వీల్లేదు. తీయించేదాకా నేను ఊరుకోను" అంటున్నాడు. దాని కింద ఎవరో "ఇది చర్చి గురించే" అని రాశారు.

మన మందిరం రేకుల షెడ్డే. ఆ రేకులు వేయడానికి మీలో ఎంతమంది కూలి డబ్బులు తెచ్చి ఇచ్చారో నాకు తెలుసు. విన్న వెంటనే కోపం వచ్చింది, లోపల భయమూ వేసింది. ఇది ఎప్పటిది, ఎక్కడిది, ముందు ఎవరు పంపారు అని ఒక్క మాట అడగలేదు. సంఘం గ్రూపులో పెట్టేశాను. పైన "ప్రార్థన అంశం. మన మందిరం కోసం అందరూ ప్రార్థించండి" అని రాశాను. రాసి, ప్రార్థన చేసుకుని, హాయిగా పడుకున్నాను.

తెల్లవారి ఆరు గంటలకు ఒక పెద్దామె మా గడప ముందు నిలబడింది. ఆయనకు మేనత్త. ఇరవై ఏళ్లుగా మన సంఘ సభ్యురాలు. చదువు రాదు. మనవరాలు ఫోన్‌లో వినిపించిందట. ఆమె ఏడవలేదు, అరవలేదు. "అయ్యగారూ, గొంతు మావోడిదే. కానీ అది బడి స్థలంలో వేసిన ట్రాక్టరు షెడ్డు గురించి గ్రామసభలో అన్న మాట. రెండేళ్లయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నా. నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్నిగా. మా ఇంటికీ మీ ఇంటికీ ఎంత దూరం?" అంది.

వెంటనే ఆ ఆడియో గ్రూపులోంచి తీసేశాను. అప్పటికే అది ఇంకో మూడు గ్రూపులకు పోయింది, నేను రాసిన "ప్రార్థన అంశం" అనే మాటతో సహా. ఆయన 11 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచినవాడూ మనవాడే, ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. నేను పంపిన ఆడియో వల్లే ఆయన ఓడిపోయాడని చెప్పలేను. దానివల్ల కాదని కూడా చెప్పలేను. 11 ఓట్లంటే మన గ్రూపులో ఉన్న రెండు మూడు కుటుంబాలు.

ఆ వారమంతా వాక్యం తెరిస్తే నా చేతికి ఒక్క అధ్యాయమే తగులుతూ వచ్చింది. 1 రాజులు 21. నాబోతు ద్రాక్షతోట కథ. పితరుల నుంచి వచ్చిన భూమిని రాజుకైనా ఇవ్వనన్నాడు నాబోతు. భూమి అంటే ఏమిటో పోడు పట్టా కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ భూమిని యెజెబెలు సైన్యాన్ని పంపి లాక్కోలేదు. ఉత్తరాలు రాయించింది. రాసింది తను, పేరు రాజుది, ముద్ర రాజుది. ఉపవాస దినం చాటించండి, నాబోతును అందరి ముందు కూర్చోబెట్టండి, ఇద్దరితో అబద్ధం చెప్పించండి అన్నది ఆ ఉత్తరాల సారాంశం. అలాగే చేశారు. నాబోతు రాళ్ల కింద చచ్చిపోయాడు. తోట ఆహాబుకు పోయింది.

ఈ కథ మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ యెజెబెలును తిట్టి ఆహాబును తిట్టి ఊరుకున్నాను. ఈసారి ఆ ఉత్తరాలు అందుకున్న పెద్దలు కనిపించారు. వాళ్లు నాబోతు ఊరివాళ్లే. వాడి ఇల్లు తెలుసు, వాడి తండ్రి తెలుసు. వాళ్లలో ఒక్కడైనా లేచి వెళ్లి నాబోతు తలుపు తట్టలేదు. ఉపవాస ప్రార్థన పేరుతో వచ్చింది గనుక అందులో మోసం వెతకాలని కూడా ఎవరికీ అనిపించి ఉండదు. నేను రాసిన "ప్రార్థన అంశం" కూడా ఆ ఉపవాస దినం లాంటిదే.

ప్రియులారా, యెజెబెలుకు కావలసింది ఒక ముద్ర ఉంగరం. ఇప్పుడు అంతకన్నా సులువైన పనిముట్లు ఉన్నాయి. 2023 నవంబరు 30న మన అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ నాడు, జనం బూతుల ముందు వరసలో నిలబడి ఉండగానే ఏడు సెకన్ల వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. ఒక పార్టీ ముఖ్య నాయకుడు ఎదుటి పార్టీకి ఓటు వేయమని తానే చెబుతున్నట్టుగా ఉంది అందులో. అది కృత్రిమ మేధతో తయారు చేసింది. ఆయన ఆ మాట అనలేదు. ఆ రోజు భద్రాచలం, పినపాక, ఇల్లెందు, కొత్తగూడెం, అశ్వారావుపేటతో సహా 13 నియోజకవర్గాల్లో సాయంత్రం నాలుగింటికే పోలింగ్ ముగిసింది. పొద్దున ఒక అబద్ధం వస్తే సాయంత్రంలోగా నిజం నడిచి మన అడవి ఊరికి చేరాలి. అంత తొందరగా నిజం ఎప్పుడైనా వచ్చిందా? ఒకసారి వేసిన ఓటు వెనక్కి రాదు.

ఆ తర్వాతి ఏడాది లోక్‌సభ ఎన్నికలు. 2024 ఏప్రిల్ చివర్లో, మనం మే 13న ఓటు వేయడానికి రెండు వారాల ముందు, కేంద్ర హోంమంత్రి ప్రసంగం ఒకటి ఊరూరా తిరిగింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు తీసేస్తామని ఆయన అంటున్నట్టుగా ఉంది. అది కత్తిరించి అతికించిన వీడియో. అసలు ప్రసంగంలో ఆయన మాట్లాడింది తెలంగాణలో ముస్లింలకు ఇస్తున్న రిజర్వేషన్ తీసేయడం గురించి. దాని మీద ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు, మన రాష్ట్రంలోని వాళ్లకు నోటీసులూ వచ్చాయి. మన సంఘంలో ఎక్కువమంది ఎస్టీ, ఎస్సీ కుటుంబాలు. ఆ వీడియో చూసి మన ఇళ్లల్లో ఎంత భయపడ్డారో నేను చూశాను. ఆయన నిజంగా అన్న మాట మీకు నచ్చకపోవచ్చు. నచ్చకపోతే ఆ మాట మీద వాదించండి, ఓటుతో జవాబు చెప్పండి. అనని మాట మీద కోపం తెచ్చుకుంటే మన కోపం ఇంకొకరి చేతిలో పనిముట్టు అవుతుంది. రెండు ఉదాహరణల్లోనూ పార్టీల పేర్లు రాయలేదు. ఎవరి వైపు నుంచి వచ్చినా అబద్ధం అబద్ధమే అని మీరు గుర్తుపెట్టుకుంటే చాలు.

అబద్ధాల ప్రచారం కొత్తగా పుట్టిందని నేను అనడం లేదు. మన చిన్నప్పుడు ఆటోకు మైకు కట్టుకుని వచ్చేవాళ్లు, గోడల మీద రాసేవాళ్లు. అవన్నీ నిజాలేం కాదు. కానీ మైకులో అరిచేవాడి మొహం కనిపించేది. ఏ పార్టీ ఆటోనో తెలిసేది. చట్టం కూడా అదే అడుగుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద అచ్చువేసినవాడి పేరు, వేయించినవాడి పేరు ఉండాలి. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందే మైకులు ఆగిపోవాలి. ఓటరు నెమ్మదిగా ఆలోచించుకోవడానికే ఆ రెండు రోజుల నిశ్శబ్దం. ఫోన్‌కు మాత్రం ఆ నిశ్శబ్దం లేదు. మైకులు ఆగిన రాత్రే అది ఎక్కువ మోగుతుంది. నాకు ఆ ఆడియో వచ్చింది కూడా సరిగ్గా ఆ వేళకే. అందులో వేయించినవాడి పేరు లేదు. నేను పంపాక ఒక పేరు చేరింది. పాస్టరు గారి పేరు.

ఇదే నేను మీకు చెప్పదలచుకున్న మాట. ఫార్వర్డ్ చేయడమంటే సాక్ష్యం చెప్పడమే. మన మందిరంలో సాక్ష్యం అంటే ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. లేచి నిలబడతాం, మొహం చూపిస్తాం, నా జీవితంలో దేవుడు చేసింది ఇదీ అని చెబుతాం. పక్కింటాయన విన్నాడట, ఇంకెవరో అన్నారట అని ఎవరూ సాక్ష్యం చెప్పరు. పాత నిబంధనలో సాక్షి బరువు ఇంకా ఎక్కువ. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం చూడండి. ఒకడి మీద మరణశిక్ష పడితే మొదటి రాయి వేయవలసింది సాక్ష్యం చెప్పినవాడే. నీ మాట వల్ల ఒక మనిషికి కీడు జరుగుతుంటే ఆ కీడు నీ చేతి మీదుగా జరగాలి, నువ్వు కళ్లారా చూడాలి. అప్పుడు ఎవడైనా నోరు తెరిచే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. ఫోన్‌లో రాయి వేసిన చెయ్యి వేసినవాడికే కనిపించదు. నాకు కనిపించలేదు, ఆ పెద్దామె గడప ముందు నిలబడేదాకా.

2 సమూయేలు 15లో ఒక చిన్న సంగతి ఉంది. అబ్షాలోము ఊరి గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందరితో మీ వ్యాజ్యం న్యాయమైనదే, వినేవాడే లేడు, నేనైతే న్యాయం చేస్తానని చెప్పి మనసులు దోచుకున్నాడు. అతనితో యెరూషలేము నుంచి రెండు వందల మంది వెళ్లారు. వాళ్లకు ఏమీ తెలియదు. కపటం లేకుండానే వెళ్లారు. అయినా జనానికి కనిపించింది ఏమిటి? అబ్షాలోము వెనక రెండు వందల మంది. కపటం లేనితనం మనల్ని దేవుని ముందు కొంత కాపాడుతుందేమో, మన లెక్క మాత్రం అబ్షాలోము ఖాతాలోకే పోతుంది.

"అయ్యగారూ, అందరూ పంపుతున్నారు, మనం ఒక్కళ్లం ఆగితే ఏమవుతుంది?" అని ఒక యవనస్థుడు అడిగాడు. నిర్గమకాండము 23 మొదటి రెండు వచనాలు తీసి చదవమన్నాను. లేని వార్త పుట్టించకూడదనే ఆజ్ఞా, కీడు చేయడానికి గుంపు వెంట పోకూడదనే ఆజ్ఞా పక్కపక్కనే ఉన్నాయి. గుంపు వెంట పోతే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వచ్చిన వార్తలు నమ్మి మన తెలంగాణలోనూ, దేశంలో ఇంకా చాలా చోట్లా దారినపోయే అమాయకులను కొట్టి చంపారు. గద్వాల వైపు పోలీసులు ఊరూరా తిరిగి జానపద కళాకారులతో పాటలు పాడించి జనానికి నచ్చజెప్పారు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020లో, చాలా చేతులు మారిన మెసేజ్ అయితే ఒక్క చోటికే అంది. మెసేజ్ మీద రెండు బాణాలు కలిసి కనిపిస్తే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. ఆ ఐదుగురిలో మొదటివాడు ఎవరో మీకు తెలియదు.

యాకోబు నాలుక గురించి చెబుతూ చిన్న నిప్పు పెద్ద అడవిని కాలుస్తుందన్నాడు. మనకు ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. పెట్టినవాడి ఉద్దేశం చెట్టు కింద శుభ్రం చేసుకోవడమే. గాలి లేస్తే గుట్టంతా పోతుంది. నిప్పు పెట్టినవాడు మంచివాడే కదా అని అడవి ఆగదు.

మరి ఫోన్ పక్కన పడేద్దామా? వద్దు. ఫోన్‌ను సరిగ్గా ఎలా వాడాలో మనకు ఇప్పటికే తెలుసు. 2022 జూలై గుర్తుచేసుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. ఆ నాలుగు రోజులు మన గ్రూపు ఎలా నడిచిందో పాత మెసేజ్‌లు చూడండి. ఎవరైనా నీళ్లు వచ్చాయని పెడితే వెంటనే ప్రశ్నలు: ఎవరు చూశారు? ఏ ఊరి దగ్గర? ఎన్ని గంటలకు? ఒక పాత వరద ఫోటో ఎవరో పెడితే పది నిమిషాల్లో పట్టుకున్నాం. పిల్లల్ని, ముసలివాళ్లని, గొడ్లని ఎటు తోలాలో ఆ జవాబు మీద ఆధారపడి ఉంది గనుక అడిగాం. ఎన్నికలప్పుడు ఆ మూడు ప్రశ్నలు ఎందుకు మానేస్తున్నాం? నీళ్లు మన ఇంటికి వస్తాయి, అబద్ధం పక్కింటికి పోతుంది అనుకుంటున్నామేమో.

కాబట్టి మన గ్రూపు గురించి సంఘ పెద్దలతో కూర్చుని కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. ఎన్నికల ప్రచారం ఏదీ అందులో పెట్టం, నాతో సహా. గుడి, మసీదు, చర్చిలను ఎన్నికల ప్రచారానికి వాడకూడదని ఎన్నికల నియమావళిలోనే ఉంది. మతం పేరు చెప్పి ఓటు అడగడం అక్రమమని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. మందిరంలో చేయకూడని పని మందిరం పేరున్న గ్రూపులో చేయవచ్చా? నిలబడినవాళ్లు ఎవరైనా వచ్చి ప్రార్థన అడిగితే అందరి కోసం ఒకే విధంగా ప్రార్థిస్తాను. ఎవరికి ఓటు వేయాలో నేను చెప్పను.

నిజంగానే ఒక మందిరానికి, ఒక విశ్వాసికి ఆపద వస్తే? అప్పుడు నోరు మూసుకోమని నేను అనను. ఏ ఊరు, ఏ తేదీ, ఎవరితో స్వయంగా మాట్లాడారు అన్నది రాసి, కింద మీ పేరు పెట్టి పంపండి. పేరు పెట్టడానికి వెనకాడుతున్నారంటే పంపడానికి కూడా వెనకాడండి. ఎవరి గురించి మాట వచ్చిందో వారు మన ఊరివారైతే ముందు వారి ఇంటికి నడవండి. సామెతలు 18:17 చెప్పేది ఇదే కదా. మొదట మాట్లాడినవాడు న్యాయవంతుడిగానే కనిపిస్తాడు, రెండోవాడు వచ్చి అడిగేదాకా. బెరయ సంఘం పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకుంది. నా ఫార్వర్డ్‌ను మీరు సరిచూడటంలో నాకు అవమానం లేదు.

యవనస్థులకు ఇంకో మాట. మీ చేతిలోని ఫోన్‌తోనే చేయగలిగిన మంచి పనులున్నాయి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు పోటీ చేసే ప్రతివారూ తమ మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్‌లో రాసివ్వాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. చదువురాని మీ అమ్మకు, నాయనకు చదివి వినిపించండి. ఆ ఎన్నికల్లోనే డబ్బు, మద్యం పంచుతుంటే సీ-విజిల్ యాప్‌లో ఫోటో తీసి పంపవచ్చు, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని నియమం. ఓటరు జాబితాలో ఇంట్లోవాళ్ల పేర్లు ఉన్నాయో లేవో ముందే చూసిపెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం గ్రామసభ. 1996 నాటి పీసా చట్టం మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు బలం ఇచ్చింది. ఫోన్‌లో రాత్రి పన్నెండు దాకా వాదించుకునేవాళ్లం, గ్రామసభ రోజున చెట్టు కింద కూర్చోవడానికి రాం. ఆ పెద్దామె చదువు లేకుండానే గ్రామసభకు వెళ్లింది, విన్నది, గుర్తుపెట్టుకుంది. అందుకే ఊళ్లో నిజం తెలిసిన మనిషి ఆమె. డిప్లొమా చదివిన నేను కాదు.

నేను ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన ఇంటికీ వెళ్లాను. ఆయన మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు, ఎక్కువ మాట్లాడలేదు. ఆడియో చేరిన మూడు గ్రూపుల్లోనూ అది అబద్ధమని, పంపినవాణ్ణి నేనేనని నా పేరుతో రాయించాను. ఆడియో విన్నంతమంది దాన్ని చదివారని నేను అనుకోను. క్రిస్మస్ ఆరాధనకు ఆమె రాలేదు. జనవరిలో ఒక ఆదివారం వచ్చి తలుపు పక్కన కూర్చుంది. బల్ల దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు. ఆమెను తొందరపెట్టవద్దని మీ అందరినీ వేడుకుంటున్నాను. తొందరపడింది నేను, వేచి ఉండవలసిందీ నేనే.

ఓటు వేసిన వేలికి సిరా గుర్తు ఉంటుంది, నేను వేశానని నలుగురికీ చూపిస్తాం. అదే చేతితో ఏదైనా పంపే ముందు, నా పేరుతో నలుగురిలో నిలబడి ఈ మాట చెప్పగలనా అని ఒక్కసారి అడుగుదాం.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మా నోటికి కావలి ఉంచినట్టే మా చేతులకూ కావలి ఉంచు. మేము గాయపరచినవారిని నీవు స్వస్థపరచు. మా ఊరికి మంచి చేసే మనసు గెలిచినవారికి దయచేయి, ఓడినవారికి ఓదార్పు దయచేయి. పొరుగువాడి తలుపు తట్టే ధైర్యం మాకు నేర్పించు. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టర్